అప్పు మారింది... తీరలేదు!

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వడ్డీని శాతాల్లో చెబితే చెవికెక్కదు. 'ఏడాదికి 24 శాతమండీ' అంటే ఓ నిమిషం ఆలోచనలో పడతారు. 'నూటికి రెండ్రూపాయలు' అనండి, లెక్క అయిపోతుంది. వందకు నెలకు రెండు, వెయ్యికి ఇరవై, లక్షకు రెండు వేలు. బడి మొహం చూడని అవ్వలు కూడా వేళ్ల మీద చెప్పేస్తారు.

ఈ లెక్కకున్న బలం ప్రభుత్వానికీ తెలుసు. 2004లో పొదుపు సంఘాల మహిళల కోసం వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఓ పథకం తెచ్చింది. దానికి 'మూడు శాతం వడ్డీ' అని పేరు పెట్టలేదు, 'పావలా వడ్డీ' అంది. నెలకు నూటికి పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. సక్రమంగా కంతులు కట్టిన సంఘాలకు అంతకుమించిన వడ్డీని ప్రభుత్వం తిరిగిచ్చేది. ఆ పేరుకు అర్థం ఏ ఊళ్లోనూ ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... ఆ మధ్య ఆఫీసు పని కొంత, బంధువుల పని కొంత కలిపి మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగొచ్చాను. మూడు చోట్లా ఒకటే ప్రశ్న ఎదురైంది. 'ఎక్కువ వడ్డీ అప్పును తీసుకెళ్లి తక్కువ వడ్డీకి మార్చుకుంటే మంచిదేనా?' అడిగిన ముగ్గురూ ఒకరికొకరు తెలియనివాళ్లు. ఒకాయనది మండీ అప్పు. ఒకాయనది ప్రోనోటు. మూడోవాడిది క్రెడిట్ కార్డు. అప్పులు వేరైనా చిక్కుముడి మాత్రం ఒకటే!

వడ్డీ కనపడని అప్పు

మదనపల్లె టమాటా మార్కెట్ గురించి కొత్తగా చెప్పేదేముంది? తెల్లారేసరికి క్రేట్లు నింపుకొచ్చిన బండ్లు, వేలంపాటల హడావుడి. 2023 జులైలో ఇక్కడ కిలో టమాటా ధర నూటయాభై దాటినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు చెప్పుకుంది. రెండు నెలలు తిరక్కుండానే ధర నేలకు దిగింది. అప్పుడు మాత్రం పేరెత్తినవాళ్లు తక్కువ.

అక్కడ కలిసిన ఓ రైతును 'మండీలో తీసుకున్న డబ్బుకు వడ్డీ ఎంత?' అని అడిగాను. ఆయన నవ్వాడు.

"మండీ ఆయన వడ్డీ అడగడు సార్. కాయ అడుగుతాడు" అన్నాడు.

నారుకు, కట్టెలకు, తీగకు, మందులకు సీజను మొదట్లో మండీలో డబ్బు తీసుకుంటారు. కాగితం మీద వడ్డీ ఉండదు. కానీ పండిన కాయంతా ఆ మండీకే తేవాలి. పక్క మండీలో క్రేటుకు నలభై ఎక్కువ పలుకుతోందని తెలిసినా చూస్తూ ఊరుకోవాలి. కమీషనూ అక్కడే పోతుంది. వడ్డీ లేదన్న మాట నిజమే... అది కాయలో కలిసిపోయింది, అంతే!

ఈ రైతు ఓ ఏడాది గట్టిగా నిలబడి బ్యాంకులో పంట రుణం తీసుకున్నాడు. మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టేస్తే కేంద్రం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది, అంటే 4 శాతం పడుతుంది. మన లెక్కలో నూటికి 33 పైసలు. పావలా వడ్డీకి కాస్త పైన! ఆ డబ్బుతో మండీ బాకీ చెల్లించేశాడు. ఆ పంట నచ్చిన చోట అమ్ముకున్నాడు కూడా.

మరి ఇప్పుడు ఎందుకు దిగాలుగా ఉన్నట్టు? తర్వాతి పంటకు ధర పడిపోయింది. బ్యాంకు గడువు దాటింది. 3 శాతం రాయితీ పోయింది. కొత్త పంట వేయడానికి చేతిలో డబ్బు లేక మళ్లీ అదే మండీ మెట్లెక్కాడు. "ఇప్పుడు బ్యాంకుదీ ఉండాది, మండీదీ ఉండాది" అన్నాడు.

ఒక అప్పును చవక వడ్డీకి మార్చిన రోజున పాత చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ తలుపు మూసుకోకపోతే మళ్లీ అందులోకే వెళ్తాం. ఈ మాట గుర్తుంచుకోండి, కుప్పంలో మళ్లీ పని పడుతుంది.

మూడేళ్లకో కొత్త నోటు

పొట్టి ఆవులకు పేరుమోసిన పుంగనూరులో నాకు పెదనాన్న వరసయ్యే ఆయన ఉన్నారు. రిటైరైన పంతులుగారు. ఇంటి పై అంతస్తు కోసం తెలిసినాయన దగ్గర లక్ష రూపాయలు రెండ్రూపాయల వడ్డీకి తీసుకున్నారు. నోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టారు.

ప్రోనోటుకు చట్టం ఇచ్చిన ఆయుష్షు మూడేళ్లు. ఆలోగా కోర్టుకు వెళ్లకపోయినా, కొంత డబ్బు జమ కట్టినట్టు రాయించుకోకపోయినా నోటుకు కాలదోషం పడుతుంది. అందుకే మూడేళ్లు నిండబోతుంటే అప్పిచ్చినాయన ఇంటికొస్తాడు. గొడవేం ఉండదు. కాఫీ తాగుతారు. పాత నోటు తీసి, వడ్డీ కలిపి కొత్త నోటు రాసుకుంటారు. దాన్నే 'తిరగరాయడం' అంటారు.

లెక్క చూద్దాం. లక్షకు రెండ్రూపాయల వడ్డీ, మూడేళ్లకు 72 వేలు. పైసా కట్టలేదనుకుంటే కొత్త నోటు 1,72,000. ఇప్పుడు వడ్డీ లక్ష మీద కాదు, 1,72,000 మీద. మరో మూడేళ్లకు 1,23,840. మూడో నోటు రాసేసరికి బాకీ 2,95,840! చేతికొచ్చింది లక్షే. బారువడ్డీ అనుకున్నది తిరగరాసిన ప్రతిసారీ చక్రవడ్డీ అవుతుందన్నమాట.

మా పెదనాన్న లెక్కల మాస్టారు. ఆయనకిది తెలియదా? తెలుసు. "నోటు తిరగరాసిన రోజు రాత్రి హాయిగా నిద్ర పట్టేదిరా. మూడేళ్లు ఎవరూ అడగరు కదా" అన్నారు. అప్పు తీరినప్పుడు కలగాల్సిన హాయి, తీరకుండానే కలిగింది. అదే ప్రమాదం.

ఆయన మాత్రం రెండో నోటు దగ్గర ఆగారు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులోంచి కట్టేసి, నోటు వెనక చెల్లు రాయించి వెనక్కి తెచ్చుకున్నారు. తిరగరాసినప్పుడే చింపేయాల్సిన మొదటి నోటును కూడా అడిగి మరీ తీసుకున్నారు. కొత్త నోటు రాశాక పాతది అవతలివాళ్ల బీరువాలో ఉంటే ఒకే అప్పుకు రెండు కాగితాలు ఉన్నట్టే!

కుప్పం రైలు, కార్డు బిల్లు

ఇక కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. తెలుగులో మొదలైన మాట తమిళంలో తిరిగి కన్నడంలో ముగుస్తుంది. బెంగళూరు నూరు కిలోమీటర్ల దూరం. పొద్దున్నే రైలెక్కి వెళ్లి రాత్రికి ఇల్లు చేరే కుర్రాళ్లు వందల్లో ఉంటారు. మా చిన్నత్త కొడుకు వాళ్లలో ఒకడు. జీతం 32 వేలు. వాళ్ల నాన్నకు బెంగళూరులో ఆపరేషను చేయించినప్పుడు కార్డు గీకాడు. బిల్లు 1,20,000.

"నెలనెలా కడతానే ఉండాను బావా. ఆరు వేలు తగ్గకుండా. బాకీ మాత్రం కదల్నే కదల్లేదు" అని బిల్లు చేతిలో పెట్టాడు.

వడ్డీ నెలకు 3.5 శాతమని మూలన చిన్నక్షరాల్లో ఉంది. మన భాషలో మూడున్నర రూపాయలు. అంతేనా? ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు! 'నాలుగ్రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడట' అంటే ఊళ్లో వాడికి పిల్లనివ్వరు. కార్డయ్యేసరికి ఎవరికీ తెలియలేదు, వాడితో సహా.

1,20,000కు నెల వడ్డీ 4,200. పన్ను 756. మొత్తం 4,956. వాడి కార్డుకు 'కనీసం చెల్లించాల్సిన మొత్తం' బాకీలో 5 శాతం, అంటే 6 వేలు. కట్టిన ఆరు వేలల్లో అసలుకు చేరింది 1,044 రూపాయలు! ఇదే ఆరు వేలు ఆపకుండా కడుతూ పోతే, కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకపోయినా, బాకీ తీరడానికి 43 నెలలు దాటుతుంది. వడ్డీ, పన్ను కలిపి సుమారు 1,39,000. అసలును మించిన వడ్డీ!

ఇంత వడ్డీకి అడ్డు లేదా అని మీరడగొచ్చు. కార్డుల వడ్డీ ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వడ్డీల మీద నిఘా రిజర్వు బ్యాంకు పని అంది. అయితే 2022 జులై నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనలు కొంత ఊరట. కనీస మొత్తం కట్టినా బాకీ పెరుగుతూ పోయేలా లెక్కలు వేయకూడదు. కనీస మొత్తమే కడుతూ పోతే ఏళ్ల తరబడి వడ్డీ మీద వడ్డీ పడుతుందని బిల్లులోనే హెచ్చరించాలి. ఆ హెచ్చరిక మావాడి బిల్లులోనూ ఉంది. చదివిందెవరు?

సరిగ్గా అప్పుడే మరో బ్యాంకు నుంచి వాడికి ఫోనొచ్చింది. 'మా కార్డు తీసుకోండి, పాత బాకీ మాకు బదిలీ చేసుకోండి' అని. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారే, అదే. నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, కంతుల్లో కట్టొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం. మేమిద్దరం కాగితం, పెన్సిలూ తీసుకుని కూర్చున్నాం.

24 నెలలకైతే కంతు 5,991. వడ్డీ మీద జీఎస్టీ కలిపితే మొదట్లో 6,300 దాకా, తర్వాత తగ్గుతూ వస్తుంది. అంటే వాడిప్పుడు కడుతున్న ఆరు వేలకు కాస్త పైన! వడ్డీ, పన్ను, ఫీజు అన్నీ కలిపి రెండేళ్లలో అయ్యే ఖర్చు 31 వేలు. 12 నెలలకైతే కంతు 11,002, మొత్తం ఖర్చు 17 వేలు. పాత కార్డులోనే ఉంటే 1,39,000 అయ్యేది. ఆ చిన్న కాగితం మీద లక్ష రూపాయలు పైగా మిగిలాయి.

గొలుసు సంగతి

ఇంతలో మా అత్త వంటింట్లోంచి వచ్చి మెళ్లో గొలుసు చూపించింది. "ఇది కుదవ పెట్టరాదా? బ్యాంకులో ఇంకా తక్కువంట కదా" అంది.

నిజమే. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో బంగారం మీద వడ్డీ 9 శాతం అటూఇటూగా ఉంటుంది. మన లెక్కలో ముప్పావలా. ఒకటిన్నర రూపాయి కన్నా సగం తక్కువ. బజారులో కుదవ కొట్టుకు వెళ్లకుండా బ్యాంకుకెళ్తే ఇప్పుడు నిబంధనలూ గట్టిగానే ఉన్నాయి. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం అప్పు తీరిన ఏడు పనిదినాల్లోగా నగ తిరిగివ్వాలి. సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం. 2026 ఏప్రిల్ 1 లోగా వీటిని అమలు చేయాలని గడువు పెట్టింది.

లెక్క గొలుసువైపే మొగ్గుతోంది. కానీ నాకో సంగతి అడ్డం పడింది. కార్డు అప్పుకు తాకట్టు లేదు. కట్టలేకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, వసూలు చేసేవాళ్లు ఫోన్లు చేస్తారు, కేసు కూడా వేయొచ్చు. గొలుసు పెడితే మాత్రం కట్టలేని రోజున గొలుసే వేలానికి పోతుంది. వడ్డీ తగ్గింది సరే, పోయే వస్తువు మారిపోయింది. అప్పు కొడుకుది, పోయేది తల్లి నగ. ఇలా మార్చేముందు ఆ నగ ఎవరిదో వాళ్లను నిజంగా అడగాలి. అదే చెప్పాను.

అత్త కాసేపు ఆలోచించింది. "గొలుసిస్తే వీడికి బరువు తెలీదు నాయనా. వాడే కట్టనీ" అంది. వాడు తలొంచుకున్నాడు. 12 నెలలా, 24 నెలలా అన్నది మిగిలింది. పదకొండు వేలు కట్టగలనన్నాడు. నాన్న మందులు, పండగ నెల, రైలు పాసు... అన్నీ రాయమన్నాం. రాసేసరికి ఎనిమిది వేల దగ్గర ఆగాడు. 24 నెలలకే సంతకం పెట్టాడు. తేలిగ్గా ఉన్న నెలలో కాదు, బరువైన నెలలో కట్టగలిగిందే అసలైన కంతు.

బదిలీకి ముందు నాలుగు లెక్కలు

ఇలాంటి ఫోన్లు మీకూ వస్తూనే ఉంటాయి. ఒప్పుకునేముందు ఇవి చూసుకోండి.

అన్నిటినీ 'నూటికి ఎంత'లోకి మార్చండి. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు. 18 శాతమైతే రూపాయిన్నర, 42 శాతమైతే మూడున్నర. దానికి 18 శాతం పన్ను కలపండి. కళ్లముందు అసలు రంగు కనిపిస్తుంది.

'సున్నా వడ్డీ' అంటే ఫీజు చూడండి. రెండు నెలలు వడ్డీ లేదు, ఫీజు 2 శాతమే అంటారు. రెండు నెలలకు రెండ్రూపాయలంటే నెలకు రూపాయి వడ్డీ కట్టినట్టే కదా, పైన పన్ను! రెండు నెలల తర్వాత మిగిలిన బాకీకి మామూలు కార్డు వడ్డీ మొదలవుతుంది. ఆ గడువులోగా బోనసో, చీటీ డబ్బో కచ్చితంగా వస్తుందంటేనే ఇది లాభం. లేదంటే కంతుల పద్ధతే మేలు.

'ఫ్లాట్' అన్న మాట వినపడితే ఆగండి. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే రూపాయి వడ్డీలా వినిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అప్పుకే వేస్తారు. 12 కంతుల్లో కడితే నిజంగా పడేది సుమారు రూపాయి ఎనభై పైసలు. 'తగ్గే బాకీ మీద వడ్డీ ఎంత?' అని అడిగితే సరైన జవాబొస్తుంది.

బదిలీ చేసుకున్న కార్డు మీద కొనకండి. చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే మామూలు వడ్డీ పడుతుంది. తక్కువ వడ్డీ బదిలీ చేసిన మొత్తానికే, కొత్త చీరకూ ఫోనుకూ కాదు! ఈ షరతును సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకో రెండు విషయాలు. కొత్త కార్డు పరిమితి మొత్తానికీ బదిలీ ఇవ్వరు, అందులో కొంత భాగానికే ఇస్తారు. మిగిలిన బాకీ పాత కార్డులోనే ఉండిపోతే దాన్ని ముందు తీర్చాలి. అలాగే పాత బిల్లు మొత్తం కట్టేశామనుకున్నాక కూడా బిల్లు తేదీ నుంచి కట్టిన తేదీ దాకా పడిన వడ్డీ తర్వాతి నెల తోకలా వస్తుంది. అది చూడకుండా వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము. పుంగనూరు నోటు సంగతి గుర్తుందిగా! తోక వడ్డీ కూడా కట్టి, పాత కార్డు రద్దు చేయమని రాసివ్వండి. బాకీ లేకుంటే ఏడు పనిదినాల్లోగా రద్దు చేయాలి, లేదంటే రోజుకు 500 రూపాయల చొప్పున మీకివ్వాలి. ఇదీ 2022 నిబంధనే.

జీతం పడే బ్యాంకులో వ్యక్తిగత రుణం రూపాయికి అటూఇటూగా దొరికేవాళ్లు అదీ అడిగి చూడటం మంచిది. ఫోన్‌లో క్షణాల్లో అప్పిస్తామనే ఊరూపేరూ లేని యాప్‌లతో మాత్రం కార్డు బాకీ తీర్చకండి. అది పెనం మీంచి పొయ్యిలో పడటమే.

మిగిలిన కంతులు

మావాడు పాత కార్డు రద్దు చేయించాడు. కొత్త కార్డు మా అత్త బీరువాలో చీరల కింద ఉంది. అది బయటికి రావాలంటే ఆమెను అడగాలి. జీతం పడిన మర్నాడే కంతు దానంతటదే బ్యాంకు ఖాతాలోంచి వెళ్లేలా పెట్టుకున్నాడు.

మదనపల్లె రైతుకు ఇంత సులువైన దారి నేను చెప్పలేకపోయాను. జీతం ఒకటో తారీఖున వస్తుంది, టమాటా ధరకు తారీఖు లేదు. ఆయనే ఓ మాటన్నాడు. ఈసారి ధర పలికితే ముందు బ్యాంకుది గడువులోగా కట్టి ఆ 3 శాతం నిలబెట్టుకుంటాడట. మిగిలిన దాంట్లోంచి వచ్చే పంట నారుకు సరిపడా పక్కన పెట్టాకే మిగతా ఖర్చులట. మండీ మెట్లు ఎక్కించేది ఆ నారు డబ్బేనని ఆయనకు తెలుసు.

మొన్న కుప్పం నుంచి ఫోనొచ్చింది. "పదకొండో కంతు పోయింది బావా. ఇంకా పదమూడు" అన్నాడు. ఆఫీసులో పండగ బోనసు ఇస్తున్నారట, బండి మార్చుకుందామా అని ఊగిసలాడాడట. "అమ్మ దగ్గర కార్డు అడిగినావా?" అన్నాను. "లేదులే. ముందే కొంత కట్టేస్తే ఫీజు ఎంతని బ్యాంకును అడిగినా" అన్నాడు. ఈసారి లెక్క వాడే చేసుకుంటున్నాడు, నూటికి ఎంత పడుతుందోనని.